పాత ఇంటి పూలు

కిందటేడు మేము న్యూజెర్సీలో ఒక పాత ఇల్లు కొనుక్కున్నాం. వసంతంలో కంచె పక్కన గడ్డిలాంటి పొడుగాటి ఆకులు వచ్చాయి. నాన్న పార తెచ్చి, "ఇది పిచ్చిగడ్డి, పీకేస్తాను" అన్నారు.

"ఆగరా, ఏం మొక్కో చూద్దాం" అంది నానమ్మ.

జూన్ ఆఖరున నారింజ రంగు పూలు పూశాయి! అవి డే లిల్లీలు. మర్నాటికి ఆ పూలు వాడిపోయాయి. నాకు ఏడుపొచ్చింది.

"ఒక్కో పువ్వు ఒక్క రోజే ఉంటుందమ్మా. కాడ మీద మొగ్గలు లెక్కపెట్టు" అంది నానమ్మ. 11 ఉన్నాయి!

ఈ మొక్క ఆసియా నుంచి అమెరికాకు వచ్చింది. ఈ నారింజ రకానికి మామూలుగా విత్తనాలు రావు. మట్టిలో వేళ్ళు పాకి, పిలకలు వేస్తుంది. అంటే మాకంటే ముందున్నవాళ్ళు ఎవరో దీన్ని నాటి ఉంటారు.

సెప్టెంబరులో నాన్నే దుబ్బు తవ్వి పిలకలు విడదీశారు. ఒకటి నా స్నేహితురాలికి ఇద్దామనుకున్నాను. కానీ వాళ్ళింట్లో పిల్లి ఉంది. ఈ మొక్క తింటే పిల్లి కిడ్నీలు పాడవుతాయి. అందుకే ఎదురింటివాళ్ళకి ఇచ్చాను. వచ్చే ఏడు అక్కడా పూస్తాయి.

కొత్త పదాలు
కాడ – పువ్వును మోసే సన్నని కొమ్మ
పిలక – తల్లి మొక్క పక్కన వచ్చే పిల్ల మొక్క
దుబ్బు – ఒకేచోట గుంపుగా పెరిగిన మొక్కలు

ప్రశ్నలు
1. పువ్వు వాడిపోయినా నానమ్మ ఎందుకు బాధపడలేదు?
2. ఈ మొక్కను ఎవరో నాటారని ఎలా తెలిసింది?
3. మీ ఇంట్లో మీకంటే ముందున్నవాళ్ళు ఏం వదిలి వెళ్ళారు? మూడు వాక్యాలు రాయండి.