జపాను ఖడ్గములు – పరీక్షా విధానము

పురాతన వస్తు సేకరణకు ఆసక్తి యొక్కటియే చాలదు. వివేకము కూడ కావలెను. వివేకము లేని ఆసక్తి వలన సేకరించువాని ధనమే గాక, సేకరించిన వస్తువు కూడ చెడును. జపాను దేశపు పాత ఖడ్గములు ఇందులకు మంచి నిదర్శనము.

ముందుగా ఆ ఖడ్గము ఎట్లు తయారగునో తెలియవలెను. ఇనుప ఇసుకను ‘తతర’ అను మట్టి కొలిమిలో బొగ్గులతో కాల్చి తీసిన ఉక్కునకు ‘తమహగానె’ అని పేరు. కమ్మరి దానిని పలుమారులు సాగగొట్టి మడచును. రూపము వచ్చిన పిమ్మట వాదరకు పలుచగను, వీపునకు దట్టముగను మట్టి పూసి, ఎర్రగా కాల్చి నీట ముంచును. వాదర వేగముగా చల్లారి మిక్కిలి గట్టిపడును. వీపు మెల్లగా చల్లారి, సులభముగా విరుగని గుణమును నిలుపుకొనును. గట్టిపడిన భాగపు టంచున పొగమంచువలె తెల్లగా కనిపించు రేఖయే ‘హమోన్’. ఇది కొన్నిట తిన్నగను, కొన్నిట అలలవలెను, మరికొన్నిట లవంగ మొగ్గలవలెను ఉండును.

పరీక్షకుడు మొదట ఖడ్గపు పొడవును, వంపును చూచును. వాటినిబట్టి కాలము ఊహింపదగును. పిదప ఉక్కుపై మడతల వలన నేర్పడిన చారలను, ఆ పిదప హమోన్‌ను పరిశీలించును. ఇవి శిల్పి సంప్రదాయమును తెలుపును. చివరకు పిడి విప్పి, లోపలి తోకను, అనగా ‘నకాగో’ను చూచును. నిర్మాత సంతకము ఉన్నచో అచ్చటనే యుండును.

సంతకమును చివర చూడనేల? ప్రసిద్ధుల పేర్లను ఇతరులు చెక్కిన ఖడ్గములు కొల్లలుగా నున్నవి. 17వ శతాబ్దమున ఎడో నగరమందు ప్రసిద్ధుడైన కొతెత్సు పేర నట్టివి మిక్కిలి యెక్కువ. మరియొక ప్రక్క, పొడవైన ప్రాచీన ఖడ్గములను తరువాతివారు తోకవైపున కురుచ చేయగా అసలు సంతకములు పోయినవి. కనుక పేరున్నదెల్ల మేలిమి కాదు. పేరు లేనిదెల్ల హీనము కాదు. అందుచేతనే జపానులో ఖడ్గవిద్య నభ్యసించువారికి తోకను కప్పి, అలుగును మాత్రమే చూపి, శిల్పి యెవరో చెప్పుమని పరీక్ష పెట్టుదురు.

తోకపై ముదురు గోధుమరంగు తుప్పు వయస్సునకు సాక్షి. అజ్ఞానముతో దానిని గీకి మెరపించినచో ఆ సాక్ష్యము నశించును. అలుగు తుప్పును గరుకు కాగితముతో తోముటయు అట్టి అపచారమే. శిక్షణ పొందిన సానకారుడే దానికి చేయి పెట్టవలెను. అతడు పట్టిన ప్రతి సానకును కొంత ఉక్కు తరుగును, అది మరల రాదు.

ఇక పత్రముల మాట. షోగునుల కాలమున హొనమి వంశీయులు పరీక్షించి ఇచ్చిన ధ్రువపత్రమును, మడచిన కాగితమగుటచే, ‘ఒరిగామి’ యనిరి. నేడు 1948లో స్థాపితమైన జపాను కళాఖడ్గ సంరక్షణ సంఘము అట్టి పత్రముల నిచ్చుచున్నది. ప్రభుత్వపు నమోదు పత్రము వేరు. అది ఖడ్గము నుంచుకొనుటకు అనుమతియే గాని, సంతకము నిజమనుటకు సాక్ష్యము కాదు. రెండవ ప్రపంచ యుద్ధకాలమున కర్మాగారములలో సైనికాధికారులకై చేసిన కత్తులు పైకి ఇట్లే యున్నను, వాటిలో పెక్కింటికి పైన చెప్పిన సంప్రదాయ విధానముతో సంబంధము లేదు.

మన సాహిత్యమునను శ్రీనాథుని పేర చెల్లుచున్న చాటువులన్నియు శ్రీనాథునివే యని చెప్పలేము. పద్యమును చదివి పేరును నమ్మవలెను గాని, పేరును చదివి పద్యమును నమ్మరాదు. ఖడ్గ పరీక్షకుని నుండి విద్యార్థి నేర్వదగిన పాఠమిదియే.