నెల రోజులకు ఇల్లు బుక్ చేస్తున్నారా? డబ్బు పంపే ముందు ఫోన్‌తో చేయాల్సిన 7 టెస్టులు: విజయవాడ గైడ్

ఫోన్ కొనేటప్పుడు మనం స్పెక్ షీట్ చూసి ఆగిపోం. బాక్స్ మీద బ్యాటరీ 6000 ఎంఏహెచ్ అని రాసి ఉన్నా, నిజంగా వాడితే ఎన్ని గంటలు వస్తుందో రివ్యూల్లో వెతుకుతాం. అదే మనం, నెల రోజులకు ఫర్నిష్డ్ ఇల్లు తీసుకునేటప్పుడు మాత్రం పది ఫోటోలు, ఒక రేటింగ్ చూసి ముప్పై వేలు ఫోన్‌పేలో కొట్టేస్తాం. లిస్టింగ్ అనేది స్పెక్ షీట్ లాంటిదే. అది ఓనర్ చెప్పే మాట, ఇంకా రుజువు కాలేదు.

నేను రిమోట్ జాబ్ చేస్తూ ఊరికి నెల, రెండు నెలల చొప్పున ఉంటుంటాను. విజయవాడ, చుట్టుపక్కల డెల్టా ఊళ్లలో ఇళ్లు వెతకడానికి నేను వాడే పద్ధతే ఈ ఆర్టికల్. అమరావతి పనుల మీద వచ్చేవాళ్లు, మంగళగిరి ఎయిమ్స్‌లో ట్రీట్‌మెంట్ కోసం వచ్చే కుటుంబాలు, సెలవులకు వచ్చే ఎన్నారైలు, ఇంటర్న్‌షిప్ స్టూడెంట్స్... ఇక్కడ నెల రోజుల ఇల్లు కావాల్సిన వాళ్లు చాలామందే ఉన్నారు. 11 నెలల అగ్రిమెంట్ అక్కర్లేదు, హోటల్ ఖర్చు భరించలేరు. మోసగాళ్లు చూసేది కూడా ఇలా తొందరలో ఉన్నవాళ్లనే.

ఎక్కడ వెతకాలి?

ఎయిర్‌బీఎన్‌బీ, బుకింగ్ డాట్ కామ్ లాంటి వాటిలో రివ్యూలు ఉంటాయి, ఎయిర్‌బీఎన్‌బీలో అయితే డబ్బు యాప్ ద్వారానే వెళ్తుంది. అద్దె మాత్రం ఎక్కువ. నోబ్రోకర్, ఫేస్‌బుక్ గ్రూపులు, ఓఎల్‌ఎక్స్‌లో అద్దె తక్కువ, కానీ వెరిఫికేషన్ బాధ్యత మొత్తం మీదే. మూడోది మన పాత పద్ధతి, టు-లెట్ బోర్డు. మొగల్రాజపురం, లబ్బీపేట, పటమట వీధుల్లో సాయంత్రం ఒక గంట నడిస్తే యాప్‌లలో లేని ఇళ్లు కనిపిస్తాయి. బోర్డు ఫోటో తీసేటప్పుడు ఫోన్‌లో లొకేషన్ ట్యాగ్ ఆన్ చేసి పెట్టుకోండి. ఏ నంబర్ ఏ వీధిదో తర్వాత వెతుక్కోవాల్సిన పని ఉండదు.

ఇంకో విషయం. "విజయవాడ" అని లిస్టింగ్‌లో ఉన్నంత మాత్రాన ఇల్లు ఊళ్లో ఉన్నట్టు కాదు. అది కృష్ణ అవతల తాడేపల్లి కావచ్చు, బందరు రోడ్డులో పోరంకి కావచ్చు, ఏలూరు రోడ్డులో నిడమానూరు కావచ్చు. గూగుల్ మ్యాప్స్‌లో బయలుదేరే టైమ్ సోమవారం ఉదయం 9 గంటలకు సెట్ చేసి, మీరు రోజూ వెళ్లాల్సిన చోటికి ఎంతసేపు పడుతుందో చూడండి. రాత్రి 11 గంటలకు చూసిన టైమ్‌ని లెక్కలోకి తీసుకోకండి. బెంజ్ సర్కిల్ దాటాల్సిన వాళ్లకు ఆ తేడా బాగా తెలుస్తుంది.

టెస్ట్ 1: ఫోటో ఎక్కడిది?

లిస్టింగ్ ఫోటోలను స్క్రీన్‌షాట్ తీసి గూగుల్ లెన్స్‌లో పెట్టండి. అదే హాల్, అదే సోఫా ఇంకో ఊరి లిస్టింగ్‌లోనో, ఇంటీరియర్ కంపెనీ సైట్‌లోనో కనిపిస్తే ఇక మాట్లాడక్కర్లేదు. పటమటలో రెండు బెడ్‌రూమ్‌ల ఫ్లాట్ అని నాకు వచ్చిన ఫోటోలను ఇలా వెతికితే బెంగళూరు ఫ్లాట్ ఒకటి బయటపడింది. లెన్స్‌లో ఏమీ దొరకనంత మాత్రాన ఇల్లు నిజమని కాదు. ఇది వడపోతలో మొదటి జల్లెడ మాత్రమే.

టెస్ట్ 2: లైవ్ వీడియో కాల్

రికార్డ్ చేసిన వీడియో పంపిస్తామంటే వద్దనండి. లైవ్ కాల్ అడగండి, అదీ రోడ్డు మీద నుంచి మొదలవ్వాలి. అపార్ట్‌మెంట్ పేరు బోర్డు, గేటు, లిఫ్టు, తలుపు, లోపలి గదులు, అన్నీ ఒకే కాల్‌లో చూపించాలి. మధ్యలో ముందుగా ఊహించలేని పని ఒకటి అడగండి: "ఒకసారి వంటగదిలో ట్యాప్ తిప్పండి అండీ", "బాల్కనీలోంచి ఎదురు బిల్డింగ్ చూపిస్తారా అండీ". నిజమైన ఓనర్‌కి ఇది రెండు నిమిషాల పని. "ఇప్పుడు టెనెంట్ ఉన్నారు, ముందు టోకెన్ అడ్వాన్స్ వేస్తే గేట్ పాస్ ఇస్తాం" అన్నారంటే కాల్ కట్ చేయొచ్చు. ఆర్మీ ఆఫీసర్‌ని, ట్రాన్స్‌ఫర్ అయింది అంటూ యూనిఫాం ఫోటో, ఐడీ కార్డు పంపడం కూడా దేశమంతా తిరుగుతున్న పాత స్క్రిప్టే.

టెస్ట్ 3: మూడు పేర్లు కలుస్తున్నాయా?

నాకు అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చిన టెస్ట్ ఇది. ఓనర్ని కరెంటు బిల్లు సర్వీస్ నంబర్ అడగండి. ఎన్టీఆర్, కృష్ణా, గుంటూరు జిల్లాలు మూడూ ఏపీసీపీడీసీఎల్ పరిధిలోనివే. మీ యూపీఐ యాప్‌లో ఎలక్ట్రిసిటీ బిల్ సెక్షన్‌కి వెళ్లి, ఆ సంస్థను ఎంచుకుని నంబర్ కొడితే వినియోగదారుడి పేరు కనిపిస్తుంది. బిల్లు కట్టక్కర్లేదు, పేరు చూసి వెనక్కి వచ్చేయండి.

తర్వాత వాళ్లిచ్చిన యూపీఐ నంబర్ కొట్టి చూడండి. డబ్బు పంపే ముందు స్క్రీన్ మీద పేరు వస్తుంది. 2025 జూన్ 30 నుంచి యూపీఐ యాప్‌లన్నీ బ్యాంకు రికార్డులో ఉన్న పేరే చూపించాలని ఎన్‌పీసీఐ ఆదేశించింది కాబట్టి, నచ్చిన పేరు పెట్టుకుని మోసం చేయడం కష్టమైంది. కరెంటు బిల్లు పేరు, బ్యాంకు పేరు, మీతో మాట్లాడుతున్న మనిషి పేరు... మూడూ కలిస్తే మంచిదే.

కలవకపోతే వెంటనే మోసం అనుకోకండి. విజయవాడలో చాలా ఫ్లాట్ల ఓనర్లు అమెరికాలోనో, ఆస్ట్రేలియాలోనో ఉంటారు. తాళాలు బాబాయ్ గారి దగ్గరో, వాచ్‌మన్ దగ్గరో ఉంటాయి. అలాంటప్పుడు ఓనర్‌తో ఒక్క వీడియో కాల్ అడగండి. "మా బాబాయ్ గారు చూసుకుంటారు" అని ఓనర్ నంబర్ నుంచి ఒక మెసేజ్ తీసుకోండి. డబ్బు ఓనర్ అకౌంట్‌కే వేయండి. సంబంధం లేని మూడో పేరుకి మాత్రం రూపాయి కూడా వద్దు.

ఒక బేసిక్ రూల్ గుర్తుంచుకోండి: మీకు డబ్బు రావడానికి యూపీఐ పిన్ ఎప్పుడూ అక్కర్లేదు. "డిపాజిట్ రిఫండ్ పంపుతున్నా, క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టండి" అంటే డబ్బు మీ అకౌంట్‌లోంచి పోతుంది.

టెస్ట్ 4: ఈ వీధిలోకి నీళ్లు వచ్చాయా?

ఇది ఏ యాప్ ఫిల్టర్‌లోనూ ఉండదు. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు పొంగి, గండ్లు పడి సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట, వాంబే కాలనీ లాంటి ప్రాంతాలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. ఆ మర్నాడు ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ ప్రవాహం 11.43 లక్షల క్యూసెక్కులకు చేరింది. ఊళ్లో ఒక వీధి మునిగితే పక్క వీధి పొడిగా ఉంది. అందుకే ప్రాంతం పేరు విని తేల్చేయకుండా వీధి స్థాయిలో చూడాలి.

యూట్యూబ్‌లో ఆ ఏరియా పేరు, "వరద 2024" అని తెలుగులో కొట్టండి. అప్పటి న్యూస్ వీడియోల్లో వీధులు, షాపుల బోర్డులు కనిపిస్తాయి. తర్వాత ఆ వీధిలోని కిరాణా కొట్టుకో, మెడికల్ షాపుకో మ్యాప్స్‌లో ఉన్న నంబర్‌కి ఫోన్ చేసి "అప్పుడు మీ దగ్గరికి నీళ్లు ఎంతవరకు వచ్చాయండీ?" అని అడగండి. ఓనర్ చెప్పని సమాధానం అక్కడ దొరుకుతుంది. జూలై నుంచి అక్టోబర్ మధ్య ఉండేటట్టయితే గ్రౌండ్ ఫ్లోర్ వదిలేసి పై అంతస్తు తీసుకోవడమే నా సలహా. మునిగిన ప్రాంతాల్లో ఉండకూడదని కాదు, అక్కడ లక్షల మంది ఉంటున్నారు. కాకపోతే మీ ల్యాప్‌టాప్, బైక్ ఎక్కడ పెడతారో ముందే తెలుసుకుని దిగండి.

టెస్ట్ 5: నెట్, కరెంటు

"హైస్పీడ్ వైఫై" అనే మాటకు అర్థం లేదు. ఓనర్ని వైఫైకి కనెక్ట్ అయ్యి, మీరు పని చేసే గదిలోంచే స్పీడ్‌టెస్ట్ రన్ చేసి స్క్రీన్‌షాట్ పంపమనండి. డౌన్‌లోడ్ కంటే అప్‌లోడ్ ముఖ్యం. అది 5 ఎంబీపీఎస్ స్థిరంగా ఉంటే వీడియో మీటింగ్‌కి సరిపోతుంది. రాత్రి 9 గంటలకు ఒకసారి, పగలు ఒకసారి తీయిస్తే అసలు సంగతి తెలుస్తుంది.

రెండో ప్రశ్న: కరెంటు పోతే రౌటర్ ఆన్‌లో ఉంటుందా? అపార్ట్‌మెంట్‌లో జనరేటర్ ఉందంటారు, తీరా అది లిఫ్టుకి, కారిడార్ లైట్లకే ఉంటుంది. చిన్న 12 వోల్ట్ రౌటర్ యూపీఎస్ ఒకటి బ్యాగులో వేసుకుంటే ఈ గొడవ తీరుతుంది. ఫోన్‌లో రెండో సిమ్ వేరే నెట్‌వర్క్‌ది పెట్టుకోండి.

మూడోది మీటర్. బెజవాడ ఎండల్లో ఏసీ లేకుండా పని జరగదు, బిల్లు ఎవరు కడతారన్నది పెద్ద విషయం. "కరెంటు ఎక్స్‌ట్రా" అంటే యూనిట్‌కి ఎంతో అడగండి. దిగిన రోజే మీటర్ రీడింగ్ ఫోటో తీసి ఓనర్‌కి వాట్సాప్ చేయండి. ఖాళీ చేసే రోజు గొడవ పడే పరిస్థితి రాదు.

టెస్ట్ 6: మాటలన్నీ మెసేజ్‌లో

ఫోన్‌లో ఒప్పుకున్నవి నిలబడవు. నేను పంపే మెసేజ్ ఇలా ఉంటుంది, కాపీ చేసుకోండి:

"నమస్తే అండీ. ఇందాక మనం మాట్లాడుకున్నట్టు: అద్దె ఇంత, డిపాజిట్ ఇంత, ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు. కరెంటు మీటర్ ప్రకారం, నీళ్లు, మెయింటెనెన్స్ అద్దెలోనే. మేం ఇద్దరం బ్యాచిలర్స్. నాన్‌వెజ్ వండుకోవచ్చు అన్నారు. ఖాళీ చేసిన మూడు రోజుల్లో డిపాజిట్ తిరిగి ఇస్తారు. ఓకే అయితే రిప్లై ఇవ్వండి."

బ్యాచిలర్స్, నాన్‌వెజ్, రాత్రి గేటు టైమింగ్... ఈ మూడూ ముందే రాతలో ఉండాలి. దిగాక "మా అసోసియేషన్ ఒప్పుకోవట్లేదు బాబూ" అంటే సామానుతో రోడ్డు మీద నిలబడేది మనమే. 2021లో కేంద్రం ఆమోదించిన నమూనా అద్దె చట్టం ఇళ్లకు డిపాజిట్ రెండు నెలల అద్దె మించకూడదంటుంది. అది నమూనా మాత్రమే అయినా, బేరానికి కొలతగా పనికొస్తుంది. నెల రోజుల స్టేకి రెండు నెలల డిపాజిట్ అడిగితే నేను ఒప్పుకోను.

ఐడీ అడిగితే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి. ఉడాయ్ సైట్‌లోనే డౌన్‌లోడ్ అవుతుంది, చివరి నాలుగు అంకెలే కనిపిస్తాయి.

టెస్ట్ 7: ముందు మూడు రాత్రులు

ఎంత చెక్ చేసినా, వాడి చూస్తేనే రివ్యూ. నెలకి బుక్ చేయకుండా ముందు మూడు రాత్రులు తీసుకోండి, నచ్చితే పొడిగించండి. రోజు అద్దె కొంచెం ఎక్కువ పడుతుంది, దాన్ని ట్రయల్ ఫీజు అనుకోండి. ఎయిర్‌బీఎన్‌బీలో అయితే దీనికి ఇంకో కారణం ఉంది. 28 రాత్రులు, అంతకు మించిన బుకింగ్‌లకు క్యాన్సిలేషన్ రూల్స్ వేరు, ఆలస్యంగా రద్దు చేస్తే మొదటి నెల డబ్బు మొత్తం పోయే అవకాశం ఉంది. పొడిగింపు కూడా యాప్‌లోనే చేయండి. "బయట ఇస్తే తగ్గిస్తా" అన్న మాట విని బయట కడితే యాప్ రక్షణ అక్కడితో ఆగిపోతుంది.

దిగిన మొదటి గంటలో: ఇల్లంతా ఒక వీడియో తీయండి, గోడ మరకలు, పగిలిన టైల్స్‌తో సహా. లైట్లు ఆపి స్మోక్ డిటెక్టర్, వాల్ క్లాక్, చార్జర్ల మీద టార్చ్ వేసి లెన్స్ మెరుపు ఉందేమో చూడండి. ఫింగ్ లాంటి యాప్‌తో వైఫైలో ఏయే డివైజ్‌లు ఉన్నాయో చూడండి. మెమరీ కార్డులో రికార్డ్ చేసే కెమెరా ఈ యాప్‌కి దొరకదు కాబట్టి టార్చ్ టెస్ట్ వదలొద్దు. 2024 ఏప్రిల్ 30 నుంచి ఇంటి లోపల కెమెరాలను ఎయిర్‌బీఎన్‌బీ పూర్తిగా నిషేధించింది. కనిపిస్తే ముట్టుకోకుండా ఫోటో తీసి, బయటికొచ్చి 112కి కాల్ చేయండి.

డెల్టా ఊళ్లలో అయితే?

మచిలీపట్నం, గుడివాడ, అవనిగడ్డ, నాట్యం నేర్చుకునేవాళ్లు నెలల తరబడి ఉండే కూచిపూడి... ఇక్కడ యాప్ లిస్టింగ్‌లు చాలా తక్కువ. రెండు రోజులు లాడ్జిలో దిగి, టీ కొట్టు దగ్గర అడగడమే ఇక్కడి సెర్చ్ ఇంజిన్. అదనంగా ఒక్క ప్రశ్న: నీళ్లు ఎక్కడివి? సముద్రం వైపు వెళ్లేకొద్దీ బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు నీళ్ల పరిస్థితి ఏంటో అడగండి. అక్కడ ఓనర్ ఎదురింట్లోనే ఉంటాడు కాబట్టి 1, 2 టెస్టులు అక్కర్లేదు, 4, 5, 6 మాత్రం తప్పవు.

ఒకవేళ డబ్బు పోతే?

సిగ్గుపడుతూ కూర్చోవద్దు. వెంటనే 1930కి కాల్ చేసి, సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో కంప్లైంట్ పెట్టండి. ఎంత త్వరగా చెబితే ఆ డబ్బు విత్‌డ్రా కాకముందే ఆపే అవకాశం అంత ఎక్కువ. ట్రాన్సాక్షన్ నంబర్, చాట్ స్క్రీన్‌షాట్‌లు డిలీట్ చేయకండి.

ఈ టెస్టులన్నీ కలిపినా గంటన్నర దాటదు. పదిహేను వేల ఫోన్ కోసం వారం రోజులు రివ్యూలు చూసే మనకి అది పెద్ద లెక్కేం కాదు. వీటిలో ఏదో ఒకటి అడిగినందుకు ఓనర్ విసుక్కుంటే, ఆ ఇంట్లో ట్యాప్ పాడైన రోజు ఎలా మాట్లాడతాడో మీకు ముందే తెలిసిపోయినట్టే. ఇళ్లు వెతుకుతున్న మీ ఫ్రెండ్స్‌కి ఈ ఆర్టికల్ షేర్ చేయండి.