ముందు వచ్చిన జవాబు నిజమేనా?

బాలలూ! కోరుట్ల బస్టాండులో ఒక కుర్రవాడు "సిరిసిల్ల బస్సు ఎక్కడ ఆగుతుంది?" అని విచారణ గదిలో అడిగాడనుకోండి. లోపలి ఉద్యోగి తల ఎత్తేలోగానే, పక్కనున్న దొంగ ఒకడు "అదిగో, ఆ మూల!" అన్నాడు. కుర్రవాడు ముందు వినబడిన మాటనే నమ్మి వెళ్ళిపోయాడు. ఇంటర్నెట్‌లో కూడా ఇలాంటి మోసమే జరగగలదు.

మీరు సెల్‌ఫోనులో జగిత్యాల జిల్లా వెబ్‌సైటు పేరు టైపు చేస్తారు: జగిత్యాల డాట్ తెలంగాణ డాట్ జిఓవి డాట్ ఇన్. యంత్రాలకు పేరు చాలదు, అంకెల చిరునామా కావాలి. ఆ అంకెలను వెదకి చెప్పేదే డొమైన్ నేమ్ సర్వర్. ఈ ఏర్పాటును 1983లో పాల్ మొకపెట్రిస్ రూపొందించాడు. సర్వర్ పేరును చివరినుంచి చదువుతుంది: ముందు 'ఇన్', అనగా ఇండియా, తరువాత ప్రభుత్వం, తెలంగాణ, ఆఖరున జగిత్యాల. పోస్టుమాన్ కార్డుమీది చిరునామాను కిందినుంచి పైకి చదివినట్లే!

ఈ పని చేసే సాఫ్ట్‌వేరులలో పేరు మోసినది బైండ్. 1980లలో అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయ విద్యార్థులు దీనిని వ్రాశారు. దాని ప్రోగ్రామును ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు, చదవవచ్చు, తప్పులు పట్టవచ్చు. "మరి దొంగ కూడా చదువుతాడు కదా?" అంటారేమో. మంచి ప్రశ్నే. చదవనివ్వండి! తాళం ఎలా పనిచేస్తుందో తెలిసినంత మాత్రాన తాళంచెవి చేతికి రాదు.

సర్వర్ తాను పంపే ప్రతి ప్రశ్నపై ఒక సంఖ్య వేస్తుంది. జవాబుమీద అదే సంఖ్య ఉంటేనే నమ్ముతుంది. కాని ఆ సంఖ్యలు మొత్తం 65,536 మాత్రమే. దొంగ వేలకొద్దీ లేని పేర్లను వరుసగా అడిగిస్తూ, ఊహించిన సంఖ్యలతో దొంగ జవాబులు కుమ్మరిస్తే, కొద్దిసేపటిలోనే ఒకటి తగులుతుందని 2008లో డాన్ కమిన్‌స్కీ కనిపెట్టాడు. అప్పుడు మీరు స్కాలర్‌షిప్పు దరఖాస్తు అనుకొని నింపే బ్యాంకు ఖాతా సంఖ్య దొంగ వెబ్‌సైటుకు చేరుతుంది! బైండ్ ఒక్కటే కాదు, ప్రోగ్రామును దాచి ఉంచే కంపెనీల సర్వర్లకూ ఈ లోపం ఉంది. అందరూ కూడబలుక్కొని ఆ జులై 8న మరమ్మతులు విడుదల చేశారు. ఆ మరమ్మతు ఏమిటంటే, ప్రశ్న ఏ ద్వారం గుండా వెళ్ళాలో కూడా ప్రతిసారి మార్చివేయడం. ద్వారాలు సుమారు 64 వేలు. గుణించి చూడండి, నాలుగు వందల కోట్లు దాటుతుంది.

అయినా ఊహ ఊహే. ఎప్పుడో ఒకప్పుడు తగలవచ్చు. కనుక డిఎన్ఎస్‌సెక్ అనే మరో ఏర్పాటు ఉంది. విచారణ గది ఉద్యోగి జవాబును కాగితంపై వ్రాసి ముద్ర వేసి ఇచ్చినట్లు, జవాబుతోపాటు గణితంతో చేసిన సంతకం వస్తుంది. ఆ ముద్ర అసలుదేనని పై కార్యాలయం, దానిదానిని ఇంకా పై కార్యాలయం ధ్రువపరుస్తాయి. అన్నిటికీ పైనున్న మూల సర్వర్ల సమాచారానికి 2010 జులైలో సంతకం ఏర్పడింది. అయితే ఇది ప్రశ్నను దాచిపెట్టదు. పైగా మీరు అడిగే సర్వర్ సంతకాన్ని పరీక్షించకపోతే, సంతకం ఉన్నా లేనట్లే.

మీ తరగతిలో ఈ ఆట ఆడండి. ఒకరు 0 నుంచి 9 లోపు సంఖ్యను చీటీపై వ్రాసి దాచాలి. ఎన్ని ప్రయత్నాలలో దొరికిందో లెక్కపెట్టండి. తరువాత రెండు చీటీలు పెట్టి, రెండూ ఒకేసారి సరిగ్గా చెప్పాలనండి.