కోతగాండ్ర చిత్రము

పాఠ్యభాగము: రూతు 2 : 1–17, లేవీయ. 19 : 9, 10, యాకోబు 5 : 4



పూర్వము ఐరోపా చిత్రకారులు రాజులను, పరిశుద్ధులను పెద్ద పటములుగా వ్రాయుచుండిరి. పొలములో పాటుపడువారు ఎక్కువగా ప్రార్థన గ్రంథములలోని నెలల పట్టికలలో చిన్న బొమ్మలుగా కనబడుచుండిరి. 1565లో పీటర్ బ్రూగెల్ అను ఫ్లాండర్సు చిత్రకారుడు సుమారు 4 అడుగుల ఎత్తుగల చెక్కపలకపై "కోతగాండ్రు" అను చిత్రము వ్రాసెను. అది 1919 నుండి న్యూయార్కులోని మెట్రోపాలిటన్ చిత్రశాలలో నున్నది.

అందులో రాజు లేడు. పండిన గోధుమచేను ఉన్నది. కొందరు పొడుగు పిడి కొడవళ్లతో నిలువబడి కోయుచున్నారు. స్త్రీలు పనలు కట్టుచున్నారు. ఒకడు కూజాలు మోసికొని వచ్చుచున్నాడు. పియరుచెట్టు నీడను కొందరు రొట్టె తినుచుండగా, ఒకడు అలసి కాళ్లు బారజాపి నిద్రించుచున్నాడు. దూరమున ఓడలు నిలిచిన రేవు కనబడును. హాలండు వర్తకులు 1605లో మన బందరులో వర్తకస్థానము పెట్టుటకు 40 ఏండ్ల ముందటి చిత్రమిది.

పామిడిముక్కల కూలివాడు దీనిని చూచిన వెంటనే గుర్తుపట్టగలడు. గోధుమకు బదులు వరి, పియరుచెట్టుకు బదులు తుమ్మచెట్టు, రొట్టెకు బదులు చద్దియన్నము, అంతే భేదము. నేడు కోత యంత్రములు వచ్చి వరికోత పని తగ్గినను, నాట్లు, కలుపు, మినుము తీత చాలవరకు కూలీల చేతులమీదనే జరుగుచున్నవి.

అయితే ఆ చిత్రములో కానరానిది ఒకటి కలదు. అది ఆంట్వెర్పు పట్టణపు ధనిక వర్తకుని యింటికై వ్రాసిన ఆరు చిత్రములలో నొకటి. వాటిలో ఐదు మిగిలినవి. యజమాని గోడమీద కూలివాని చెమట కనబడెను గాని, సాయంకాలమున వానికి ముట్టిన కూలి కనబడలేదు. కోసినవారికి చెల్లింపని కూలి దేవుని యెదుట మొఱపెట్టునని యాకోబు హెచ్చరించుచున్నాడు.

సుమారు నూరేండ్లకు, 1660–1664 మధ్య, నికొలాస్ పూసెన్ అను ఫ్రెంచి చిత్రకారుడు బోయజు యెదుట మోకరించిన రూతును కోతపొలములోనే చిత్రించెను. బోయజు కోతవారిని చూచి సంతోషించి ఊరకొనలేదు. వారిని పలుకరించెను, పరదేశియగు విధవను భోజనమునకు పిలిచెను, ఆమె జోలికి పోవద్దని పనివాండ్రకు ఆజ్ఞాపించెను. పొలపు అంచులును పరిగెయు ధర్మశాస్త్రము ప్రకారము బీదల భాగమే. కావున అది ఆసామి దయపై ఆధారపడిన భిక్షము కాదు.

మన దేశములో 1976లో సమాన వేతన చట్టము వచ్చినది. అయినను ఒకే చేలో, ఒకే పూట వంగి పనిచేసిన స్త్రీకి తక్కువ కూలి ఇచ్చు అలవాటు మనమెరుగనిది కాదు.

ఆలోచించుడి:

1. మన చేలలో పనిచేయువారి పేర్లు మనకు తెలియునా?

2. పని ముగిసిన దినముననే కూలి చెల్లించుచున్నామా?

3. మన పంటలో "అంచు" ఎవరికై విడిచితిమి?