చిరునామాకు ఆయువెంత?

మీరు సెల్‌ఫోనులో ఒక వెబ్‌సైటు పేరు టైపు చేస్తారు. క్షణంలో ఆ పేజీ కనిపిస్తుంది. కాని కంప్యూటర్లు ఒకదానినొకటి పేర్లతో గుర్తించవు. వాటికి 192.0.2.10 వంటి అంకెల చిరునామా కావాలి. పేరు చెబితే ఈ చిరునామాను తెలిపే ఏర్పాటే డి.ఎన్.ఎస్., అనగా డొమైన్ నేమ్ సిస్టమ్. 1983లో అమెరికాలో పాల్ మొకాపెట్రిస్ దీనిని రూపొందించారు.

మీకు ఇంటర్‌నెట్ ఇచ్చే కంపెనీలో రిజాల్వర్ అనే సర్వరు ఉంటుంది. చిరునామాను మీ తరఫున వెతికిపెట్టడం దాని పని. అది ముందు రూట్ సర్వరును, తరువాత .ఇన్ వంటి విభాగాల సర్వరును, చివరకు ఆ సైటు సొంత నేమ్ సర్వరును అడుగుతుంది. ప్రతిసారీ ఇంత తిరగడం దండుగ కదా! అందుకే వచ్చిన జవాబును కొంతకాలం దాచుకుంటుంది.

ఎంతకాలం? దానిని నిర్ణయించేది సైటు యజమాని. ప్రతి జవాబుతోపాటు టి.టి.ఎల్. అనే ఆయువు సెకన్లలో వస్తుంది. 3,600 అంటే గంట; 86,400 అంటే ఒక రోజు.

ఇప్పుడు ఒక లెక్క చూద్దాం. పరీక్షా ఫలితాల సైటు ఒకటి ఉందనుకోండి. దాని చిరునామా ఆయువు 86,400 సెకన్లు. సోమవారం ఉదయం 10 గంటలకు ఒక రిజాల్వర్ దానిని తెచ్చుకుంది. 11 గంటలకు మీరు అడిగితే, అదే చిరునామాను 82,800 అనే ఆయువుతో ఇస్తుంది. అంటే నకలుకు మళ్లీ నకలు తీసినా ఆయువు పెరగదు.

మధ్యాహ్నం 12 గంటలకు సైటును కొత్త కంప్యూటరుకు మార్చారు. కాని ఆ రిజాల్వర్ మంగళవారం 10 గంటల వరకు, అంటే ఇంకా 22 గంటలు, పాత చిరునామానే చెబుతుంది. 12 దాటాక మొదటిసారి అడిగిన మరో రిజాల్వర్‌కు మాత్రం కొత్తది దొరుకుతుంది. అందుకే మీకు ఫలితాలు రాకపోయినా, పక్కింటి మిత్రునికి వస్తాయి! కొత్త చిరునామా “వ్యాపించడానికి” సమయం పడుతుందని కొందరు అంటారు. నిజానికి వ్యాపించేది ఏమీ లేదు. పాత నకళ్ల ఆయువు తీరుతుంది, అంతే. ఆ నకళ్లు ఎవరి దగ్గర ఉన్నాయో యజమానికి తెలియదు. కనుక వాటిని వెనక్కు పిలవలేడు.

మరి ఉపాయం? మార్పుకు కనీసం ఒక రోజు ముందే ఆయువును 300 సెకన్లకు తగ్గించాలి. అప్పటికి రోజు ఆయువు గల నకళ్లన్నీ తీరిపోతాయి. మార్చిన 5 నిమిషాలకే కొత్త చిరునామా అందుతుంది. పాత కంప్యూటరును కూడా కొన్నాళ్లు నడపడం మంచిది. కొన్ని రిజాల్వర్లు ఆయువును సరిగా పాటించవు.

ఎప్పుడూ 300 ఉంచితే సరిపోదా? అప్పుడు నేమ్ సర్వరుకు ప్రశ్నల తాకిడి పెరుగుతుంది. పైగా అది చెడిపోతే, 5 నిమిషాల్లో నకళ్లన్నీ తీరి సైటు దొరకకుండా పోతుంది. ఆయువు ఎక్కువైతే మార్పు ఆలస్యం. తక్కువైతే ఆసరా తక్కువ.

ఆలోచించండి: ఆయువును సోమవారం 11 గంటలకు తగ్గించి, 12 గంటలకు సైటును మార్చితే, 10 గంటలకు తీసుకున్న నకలు ఎప్పుడు తీరుతుంది?