చేసిన పనిని పరీక్షించుకునే గుణం

వ్యక్తిత్వ వికాస రచనలు ఆత్మవిశ్వాసానికి ఇచ్చినంత చోటు, చేసిన పనిని తానే నిర్మొహమాటంగా పరీక్షించుకునే గుణానికి ఇవ్వవు. నిజానికి మొదటిది నిలిచేది రెండోదాని మీదనే. కారులో అరిగిపోయిన క్లచ్ మాస్టర్ సిలిండర్‌ను ఇంటి వద్దే మార్చుకోవడం ఈ గుణాన్ని అలవరచే మంచి సాధన.

క్లచ్ పెడల్‌ను తొక్కినప్పుడు దానికి తగిలించిన పుష్ రాడ్ అనే కడ్డీ మాస్టర్ సిలిండర్‌లోని పిస్టన్‌ను నెడుతుంది. రబ్బరు సీళ్లు వెనక్కి పోనివ్వని బ్రేక్ ఆయిల్ ఆ ఒత్తిడిని గొట్టం ద్వారా గేర్‌బాక్స్ వద్ద ఉండే స్లేవ్ సిలిండర్‌కు చేర్చి క్లచ్‌ను విడిపిస్తుంది. మూసిన పాత్రలోని ద్రవంపై పెట్టిన ఒత్తిడి అన్ని వైపులకూ తగ్గకుండా వ్యాపిస్తుందని 17వ శతాబ్దంలో బ్లెయిజ్ పాస్కల్ చెప్పిన సూత్రమే దీనికి మూలం. సీళ్లు అరిగితే పెడల్ కిందికి జారిపోతుంది, గేర్లు కరకరమంటాయి, రివర్స్ పడటం కష్టమవుతుంది.

అయితే స్లేవ్ సిలిండర్ చెడినా ఇవే లక్షణాలు కనిపిస్తాయి కనుక, కొత్త భాగం కొనడానికి ముందు కారణాన్ని వెతకాలి. పెడల్ పైన పుష్ రాడ్ చుట్టూ తడి ఉంటే మాస్టర్‌ను, గేర్‌బాక్స్ వద్ద తడి ఉంటే స్లేవ్‌ను అనుమానించాలి. ఊహను రుజువుగా పొరబడని ఈ ఓపిక మనుషుల విషయంలోనూ అరుదైనదే.

విప్పే పని పెద్దది కాదు. డబ్బాలోని పాత ఆయిల్‌ను సిరంజితో తోడి, గొట్టం నట్టును, పెడల్ పిన్నును, సిలిండర్‌ను పట్టి ఉంచే నట్లను తీస్తే భాగం ఊడివస్తుంది. బ్రేక్ ఆయిల్ పెయింటును తినేస్తుంది కనుక చుట్టూ గుడ్డలు పరవాలి. కొత్త సిలిండర్‌కు గొట్టం నట్టును ముందు వేళ్లతోనే తిప్పి ఎక్కించాలి, ఎందుకంటే మర వంకరగా పడ్డాక స్పానర్ బలం నష్టాన్ని పెంచుతుందే తప్ప సరిచేయదు.

అసలు పరీక్ష ఎయిర్ తీయడంలో, అంటే గొట్టాల్లో చిక్కిన గాలిని బయటికి పంపడంలో ఉంది. ద్రవం దాదాపు నొక్కుకుపోదు, గాలి నొక్కుకుపోతుంది. అందుకే కొద్దిపాటి బుడగ మిగిలినా పెడల్ మెత్తగా దిగుతుంది. డబ్బాలో కొత్త ఆయిల్ నింపాక, ఒకరు పెడల్ తొక్కి పట్టగా మరొకరు స్లేవ్ వద్ద గాలి తీసే నిపుల్‌ను వదులు చేసి, పెడల్ పైకి రాకముందే బిగించాలి. ఆయిల్ డబ్బా అడుగంటితే మళ్లీ గాలి చొరబడి చేసిందంతా వృథా అవుతుంది. ఇద్దరి మాటా చేతా కలవని చోట ఈ పని సాగదు. విసుగు పుట్టి "చాలులే" అనిపించే ఘడియలోనే, బుడగలు పూర్తిగా ఆగేదాకా కొనసాగించే వ్యక్తికి తన పనిపై నమ్మకం కలుగుతుంది. ఆ నమ్మకాన్ని ఎదుటివారి పొగడ్త ఇవ్వలేదు.

పెడల్ గట్టిపడి, గేర్లు సాఫీగా పడిన తరువాత కూడా అతుకుల వద్ద ఆయిల్ కారడం లేదని చూసుకోవాలి. అనేక కార్లలో క్లచ్, బ్రేక్ రెండింటికీ ఆయిల్ డబ్బా ఒక్కటే కాబట్టి, బ్రేక్ పెడల్‌లో ఏ మాత్రం మెత్తదనం కనిపించినా కారును కదిలించకుండా మెకానిక్‌ను పిలవాలి.