మీరు కట్టిన చందా మీ ఇంటి వరకే

ఈ నాలుగు నెలల్లో నా దగ్గరికి ఒకే రకం కేసులు అయిదు వచ్చాయి. రెండు కెఫేలు, ఒక జిమ్, ఒక బార్, ఒక అపార్టుమెంటు సంఘం. అందరి నోటా మొదటి మాట ఒకటే: "మేడమ్, మేం దొంగ లింకు పెట్టలేదు. నెలనెలా డబ్బు కట్టి చూస్తున్నాం." ఆ మాట నిజమే. అయిదుగురిలో ఒక్కరు కూడా పైరసీ జోలికి పోలేదు. అయినా నలుగురికి లాయరు నోటీసులు అందాయి, అయిదో వాళ్ల మీద ఎఫ్ఐఆర్ అయింది.

ఆ ఎఫ్ఐఆర్ సంగతే ముందు చెబుతాను. ముగ్గురు స్నేహితులు. ఇంజినీరింగ్ అయ్యాక ఒక జిల్లా కేంద్రంలో కాలేజీ రోడ్డు మీద నలభై కుర్చీల కెఫే పెట్టుకున్నారు. ప్రొజెక్టరు కొనడానికి ఒకరి తల్లి గాజులు తాకట్టు పెట్టింది. వాళ్ల గిరాకీ అంతా చిన్నప్పుడు రెజ్లింగ్ ట్రంప్ కార్డులు పోగేసిన పిల్లలే. అమెరికాలో శనివారం రాత్రి జరిగే పెద్ద పోటీ మనకు ఆదివారం తెల్లవారుజామున వస్తుంది. దాని కోసం ఇన్‌స్టాగ్రామ్‌లో పోస్టరు వేశారు: నాలుగున్నరకు పెద్ద తెర మీద లైవ్, మనిషికి 149 రూపాయలు, ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లు అందులోనే. పోస్టరు నిండా రెజ్లర్ల ఫొటోలు, కంపెనీ లోగో. ముప్పై ఆరుగురు వచ్చారు. మొత్తం వసూలు 5,364 రూపాయలు. ఆ డబ్బుకు వాళ్లు తెచ్చుకున్నది కాపీరైట్ చట్టం 63వ సెక్షన్ కింద కేసు. కనీసం ఆరు నెలలు, గరిష్ఠంగా మూడేళ్లు జైలు. 50,000 నుంచి 2 లక్షల దాకా జరిమానా.

చందా కట్టడం వేరు, నలుగురికి చూపించే హక్కు వేరు. ఈ ఒక్క ముక్క తెలియక కష్టపడి పెట్టుకున్న దుకాణాలు పాడవుతున్నాయి.

మనవాళ్లకు ఈ తేడా ఎందుకు తట్టదో చెబుతాను. రెజ్లింగ్ వ్యాపారం మొదట్లో హాలు లెక్కన నడిచింది. 1985 మార్చి 31న న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో జరిగిన మొదటి రెజిల్‌మేనియాను అమెరికాలో లక్షల మంది క్లోజ్డ్ సర్క్యూట్ పద్ధతిలో, ఊరూరా హాళ్లలో టికెట్ కొనుక్కుని తెర మీద చూశారు. తర్వాత కేబుల్ ద్వారా పే పర్ వ్యూ బలపడింది. ఒక ఇంటికి, ఒక పోటీకి, ఒక రేటు. అదే పోటీని బార్లో చూపించాలంటే రేటు వేరు. లోపల ఎందరు పడతారన్న లెక్క మీద కట్టాలి. అమెరికాలో బార్ నడిపేవాడికి ఈ రెండు రేట్ల సంగతి తెలుసు. 2014 ఫిబ్రవరిలో ఈ పోటీలు నడిపే కంపెనీ డబ్ల్యూడబ్ల్యూఈ తన సొంత నెట్‌వర్క్ తెరిచి, అన్ని పెద్ద పోటీలూ కలిపి నెలకు 9.99 డాలర్లు అంది. అంతకుముందు ఒక్క రెజిల్‌మేనియాకే దానికి అయిదారు రెట్లు అయ్యేది. 2021లో అక్కడి హక్కులు పీకాక్‌కు, 2025 సెప్టెంబరు నుంచి పెద్ద పోటీలు ఈఎస్‌పీఎన్‌కు వెళ్లాయి. మన దగ్గర టెన్ స్పోర్ట్స్, తర్వాత సోనీ, 2025 ఏప్రిల్ 1 నుంచి నెట్‌ఫ్లిక్స్. ఇప్పుడు పెద్ద పోటీ కూడా నెల చందాలోనే వచ్చేస్తోంది. ఒక్కో పోటీకి విడిగా బిల్లు కట్టే అలవాటు మనకు లేదు. ఇంటి రేటనీ హాలు రేటనీ రెండున్నాయని మన కుర్రాళ్లకు తెలిసే సందర్భమే రాలేదు. 2023 సెప్టెంబరు 8న గచ్చిబౌలి ఇండోర్ స్టేడియానికి రెజ్లర్ జాన్ సీనా వచ్చినప్పుడు టికెట్ కొని వెళ్లినవాళ్లే, అదే ఆటను తమ దుకాణంలో తెర మీద వేస్తే ఎవరికీ బాకీ పడమని నమ్ముతున్నారు.

నెట్‌ఫ్లిక్స్ షరతులు తెరిచి చూడండి. సొంతానికి, వ్యాపారేతర వాడకానికి, మీ ఇంటివాళ్లకు మాత్రమే అని ఉంటుంది. మీరు "అంగీకరిస్తున్నాను" నొక్కింది ఆ మాటకే.

ఇక నా ముందు కూర్చుని చెప్పే వాదనలు. "టికెట్ పెట్టలేదు మేడమ్, ఊరికే చూపించాం" అంటాడు జిమ్ యజమాని. కాపీరైట్ చట్టం 37వ సెక్షన్ ప్రకారం, ప్రసారాన్ని డబ్బు తీసుకుని జనానికి చూపించడం ఉల్లంఘన. టికెట్ లేదు గనక బయటపడతానని ఆయన ధీమా. ఆ రోజు లోపలికి రావాలంటే 200 రూపాయల ప్రొటీన్ షేక్ కొనాల్సిందేనని వాట్సాప్‌లో పెట్టింది ఆయనే. అది రుసుము కాదని ఏ జడ్జి ముందు చెప్పను? పైగా కంపెనీ లాయర్లు నోటీసులో 37 ఒక్కటే రాయరు. ఆ దృశ్యాలు రికార్డయిన సినిమాటోగ్రాఫ్ ఫిల్మ్ అని, దాన్ని జనానికి అందించే హక్కు తమదేనని 14వ సెక్షన్ కూడా చేరుస్తారు. దానికి టికెట్‌తో పని లేదు. ఇంటర్నెట్‌లో వచ్చేది ప్రసారం, ఫిల్మ్ అన్న నిర్వచనాల్లో ఇముడుతుందా లేదా అని నేను కోర్టులో వాదించగలను, వాదిస్తాను కూడా. కానీ ఆ వాదన తేలేసరికి మీ ప్రొజెక్టరు స్టేషన్‌లో ఎన్నాళ్లుంటుందో ఆలోచించుకోండి.

బార్ యజమాని ఐపీఆర్‌ఎస్, పీపీఎల్ రసీదులు తెచ్చి నా బల్ల మీద పరిచాడు. అవి పాటలకు. రెజ్లింగ్ పోటీకీ వాటికీ సంబంధం లేదు. అపార్టుమెంటు సంఘం కార్యదర్శి రిటైర్డ్ ఉద్యోగి, చట్టం చదువుకుని వచ్చారు. నివాస భవనం కామన్ హాల్లో వినిపిస్తే తప్పు కాదని 52వ సెక్షన్‌లో ఉందన్నారు. ఉంది, కానీ అది రికార్డింగు వినిపించడం గురించి. మీరు చందాలు వసూలు చేసి క్లబ్ హౌస్‌లో తెర కట్టి చూపించిన లైవ్ పోటీకి ఆ వెసులుబాటు సాగదు. సగం చదివిన చట్టం అసలు చదవనిదానికంటే ఎక్కువ నష్టం చేస్తుంది, కార్యదర్శి గారూ.

మరోసారి చెబుతున్నాను. నెలనెలా బిల్లు కట్టిన రసీదు మీ ఇంట్లో మీరు చూశారనడానికి సాక్ష్యం. దుకాణంలో చూపించడానికి అది అనుమతి పత్రం కాదు. అనుమతి కావాలంటే హక్కుదారు నుంచి రాతలో తెచ్చుకోండి. లైసెన్సు రాతపూర్వకంగానే ఉండాలని 30వ సెక్షన్ చెబుతుంది. "కస్టమర్ కేర్ వాళ్లు ఫోన్లో సరే అన్నారు" అన్నది చెల్లదు. రాత దొరకకపోతే ఆ రోజు తెర వేయకండి.

ఈ తగువు కొత్తదీ కాదు. 2002 ఫుట్‌బాల్ ప్రపంచకప్ సమయంలో లైసెన్సు లేకుండా టెన్ స్పోర్ట్స్ ప్రసారాలు వేస్తున్న కేబుల్ ఆపరేటర్ల మీద ఆ చానల్ యాజమాన్యం తాజ్ టెలివిజన్ ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది. పేర్లు తెలియని ప్రతివాదుల మీద కూడా పనిచేసే ఉత్తర్వు ఆ కేసులో వచ్చింది. తర్వాత మన పిల్లలు ఏళ్ల తరబడి రెజ్లింగ్ చూసింది ఆ చానల్లోనే. మీ పేరు కంపెనీకి ముందుగా తెలియనక్కర్లేదు. మీరు వేసిన పోస్టరే మీ చిరునామా చెబుతుంది.

పోలీసుల సంగతికి వద్దాం. 63వ సెక్షన్ నేరం కాగ్నిజబుల్, నాన్ బెయిలబుల్ అని 2022 మే 20న నిట్ ప్రో కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ తీర్పు పట్టుకుని కొందరు అధికారులు నేరుగా అరెస్టుకు దిగుతున్నారు. నాన్ బెయిలబుల్ అంటే అరెస్టు చేసి తీరాలని కాదు. ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరాల్లో యాంత్రికంగా అరెస్టు చేయవద్దని అర్నేశ్ కుమార్ కేసులో 2014లోనే సుప్రీంకోర్టు చెప్పింది. అరెస్టుకు బదులు హాజరు కమ్మని పోలీసులు ఇచ్చే పాత 41ఏ నోటీసు ఇప్పుడు కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం (బీఎన్ఎస్ఎస్) 35(3) నోటీసు. అది అందితే చెప్పిన రోజున హాజరు కండి, ఎగ్గొట్టకండి. ఆ నోటీసు మీకు రక్షణ.

ఆ ముగ్గురి కెఫే నుంచి ప్రొజెక్టరు, స్పీకర్లు, ల్యాప్‌టాప్‌తో పాటు ఫ్రిజ్, గల్లా పెట్టె కూడా ఎత్తుకెళ్లారు. కాపీరైట్ చట్టం 64వ సెక్షన్ కింద ఎస్ఐ వారంటు లేకుండా స్వాధీనం చేసుకోగలిగేవి ఉల్లంఘన ప్రతులు, వాటిని తయారు చేసే సాధనాలు. ఫ్రిజ్‌కూ ప్రసారానికీ ఏం సంబంధమో పంచనామాలో ఒక్క ముక్క లేదు. సెక్షన్ ఒకసారి చదువుకుని వెళ్లడానికి పది నిమిషాలు పట్టదు. ఆ పది నిమిషాలు వెచ్చించనందుకు ఆ కుర్రాళ్ల దుకాణం నెలన్నర మూతపడింది.

కుర్రాళ్ల తప్పూ తక్కువ కాదు. అదే 64వ సెక్షన్ కింద, స్వాధీనమైన పదిహేను రోజుల్లోపు మేజిస్ట్రేటు దగ్గర వస్తువుల కోసం దరఖాస్తు పెట్టుకోవచ్చు. వీళ్లు ఆ పదిహేను రోజులూ ఒక నాయకుడి ఇంటి ముందు కూర్చున్నారు. "మాట్లాడి విడిపిస్తాను" అన్నాడట. నా దగ్గరికి వచ్చింది పందొమ్మిదో రోజు. ఇక బీఎన్ఎస్ఎస్ 497, 503 సెక్షన్ల కింద సాధారణ దరఖాస్తు వేసి ఫ్రిజ్, గల్లా పెట్టె తెచ్చాం. ప్రొజెక్టరు ఇంకా స్టేషన్‌లోనే ఉంది.

ఇంకొక జాగ్రత్త. యాంటీ పైరసీ ఏజెంట్లమంటూ కార్డు చూపించి అక్కడికక్కడే యాభై వేలు అడిగేవాళ్లు తిరుగుతున్నారు. కెఫేల్లో రెండోదాని యజమాని వాళ్లకు 20,000 ఇచ్చాడు. రసీదు లేదు. తర్వాత అసలు హక్కుదారు నోటీసు వచ్చింది. హక్కుదారు ఇచ్చిన అధికార పత్రం చూపించమనండి, దాని నకలు తీసుకోండి, డబ్బు ఇవ్వకండి. నిరాధారంగా బెదిరించేవాళ్ల మీద కాపీరైట్ చట్టం 60వ సెక్షన్ కింద మీరే దావా వేయవచ్చు.

అమెరికాలో రెస్టారెంట్లు నడిపే మనవాళ్లకు ఒక మాట. అక్కడ యూఎఫ్‌సీ, బాక్సింగ్ పే పర్ వ్యూలను ఇంటి ఖాతా మీద తెచ్చి బార్లో వేసినవాళ్ల మీద జో హ్యాండ్ ప్రమోషన్స్ వంటి పంపిణీ సంస్థలు ఫెడరల్ కోర్టుల్లో కేసులు వేస్తూనే ఉంటాయి. కమ్యూనికేషన్స్ చట్టం 605వ సెక్షన్ కింద ఒక్కో ఉల్లంఘనకు 1,000 నుంచి 10,000 డాలర్లు, లాభం కోసం కావాలని చేశారని తేలితే మరో 1,00,000 దాకా, దానిపైన అవతలి లాయరు ఫీజు. సమన్లు అందాక జవాబుకు సాధారణంగా 21 రోజులు. చాలామంది ఆ కవరును సొరుగులో పడేస్తారు. అప్పుడు మీ వాదన వినకుండానే తీర్పు వస్తుంది. మొన్న ఒక పెద్దాయన కొడుకుకు వచ్చిన కాగితం వాట్సాప్‌లో పంపి "అమ్మా, దీనికి మనం హైదరాబాదు నుంచి జవాబిద్దామా" అన్నారు. వద్దు. అక్కడ లైసెన్సున్న లాయరునే పెట్టుకోవాలి, అదీ గడువు లోపు.

మళ్లీ ఆ కెఫే ముగ్గురి దగ్గరికి. సంస్థ నేరం చేస్తే బాధ్యులంతా నేరస్థులేనని మన కాపీరైట్ చట్టం 69వ సెక్షన్ అంటుంది. భాగస్వామ్య సంస్థ కూడా అందులోకే వస్తుంది. ముగ్గురి పేర్లూ ఎఫ్ఐఆర్‌లో ఉన్నాయి. వాళ్లలో ఒకడికి అమెరికాలో ఎంఎస్ సీటు వచ్చింది, పాస్‌పోర్టు గడువు దగ్గర పడింది. ఛార్జిషీటు వేసి కోర్టు కేసు విచారణకు తీసుకుంటే పాస్‌పోర్టు కోసం ఆ కోర్టు అనుమతి అడగాలి. అందుకే ఇప్పుడే హక్కుదారుతో రాజీ మాట్లాడుతున్నాను. కుదిరితే బీఎన్ఎస్ఎస్ 528 కింద హైకోర్టులో కొట్టివేత పిటిషన్ వేస్తాం. రాజీకి వాళ్లు అడుగుతున్నది ప్రొజెక్టరు ఖరీదుకు రెట్టింపు.

పోయిన సోమవారం ముగ్గురూ వకాల్తా మీద సంతకాలు పెట్టి లేచారు. తలుపు దాకా వెళ్లి ఒకడు వెనక్కి తిరిగాడు. "మేడమ్, వచ్చే నెల పోటీకి టికెట్ లేకుండా, చాయ్ కూడా అమ్మకుండా, ఊరికే వేస్తే?" వద్దు నాన్నా. షట్టర్ దించి, ఇంటికి వెళ్లి చూసుకో.